ఫ్రీమాంట్ ఇల్లు, ఫ్రిస్కో అద్దె



కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, సనీవేల్, శాంటాక్లారా చుట్టుపక్కల తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే పిల్లల చదువులు, వీసాల సంగతులు అయ్యాక మాట ఇళ్ళ మీదికి మళ్ళుతుంది. ఎవరో ఒకరు అడుగుతారు: "డాలస్‌లో ఇప్పుడు ఎంత నడుస్తోందండీ?" అడిగినాయన 2011లో 4.5 లక్షల డాలర్లకి కొన్న టౌన్‌హౌస్ ఇవాళ 11 లక్షలు పలుకుతోందనుకుందాం. నెలకి 3,800 అద్దె వస్తోంది. వినడానికి బాగానే ఉంది కానీ, 11 లక్షల సొత్తు మీద ఆ అద్దె ఏ మూలకి? దీన్ని అమ్మేసి అదే డబ్బుతో టెక్సస్‌లో రెండిళ్ళు కొంటే ఎలా ఉంటుందని ఆయన ఆలోచన.

ఆలోచనలో తప్పేమీ లేదు. ధర చుక్కలనంటి, అద్దె దాన్ని అందుకోలేని ఊళ్ళో సొమ్ము ఇరికించుకుని కూర్చోవడం కంటే, అద్దె గిట్టుబాటయ్యే చోటికి దాన్ని తరలించడం లెక్క తెలిసినవాళ్ళు చేసే పనే. అయితే గడిచిన ఇరవై ఏళ్ళలో కాలిఫోర్నియా నుంచి ఇలా సొమ్ము తరలించినవాళ్ళలో కొందరు నిలదొక్కుకున్నారు, కొందరు నిండా మునిగారు. ఇద్దరూ అమ్మింది ఒకే రాష్ట్రంలో, ఒకే రోజుల్లో. కొనడానికి వెళ్ళిన చోట ఇద్దరి దారులూ వేరయ్యాయి. ఒకరు కొత్త ఊరి ధరని తమ ఊరి ధరతో పోల్చి "ఇంత చవకా!" అన్నారు. మరొకరు ఆ ఊరి ధరని ఆ ఊరి అద్దెతోను, అక్కడివాళ్ళ జీతాలతోను పోల్చి చూశారు. ఈవేళ చెప్పుకోబోయేదంతా ఈ రెండు చూపుల మధ్య తేడా గురించే.

ముందు పన్ను సంగతి చూడాలి, ఎందుకంటే తరలింపు ఎప్పుడు, ఎంత తొందరగా జరగాలో నిర్ణయించేది అదే. అద్దెకిచ్చిన ఇల్లు అమ్మితే అమెరికాలో పన్ను నాలుగు వైపుల నుంచి వస్తుంది. ఇంటి కట్టడం విలువని 27.5 ఏళ్ళకి పంచి, ఏటా తరుగుదల కింద అద్దె ఆదాయంలోంచి తగ్గించుకోనిస్తారు. అమ్మిన రోజున అలా తగ్గించుకున్నదంతా తిరిగి లెక్కలోకి వస్తుంది, దాని మీద 25 శాతం దాకా పన్ను పడుతుంది. మిగిలిన లాభం మీద చాలామందికి 15 శాతం, పెద్ద లాభాలకి 20 శాతం. ఆదాయం ఎక్కువున్నవాళ్ళకి దాని పైన ఇంకో 3.8 శాతం. కాలిఫోర్నియా రాష్ట్రమైతే ఈ లాభాన్ని జీతంతో సమానంగా చూసి తన వాటా తాను తీసుకుంటుంది. ఇందాకటి టౌన్‌హౌస్ అమ్మితే, అన్నీ కలిపి పన్ను 2 లక్షల డాలర్లు సులువుగా దాటుతుంది.

ఈ పన్నుని వాయిదా వేసుకోవడానికి ఉన్న దారి పేరు 1031 మార్పిడి. అద్దె ఇల్లు అమ్మి, వచ్చిన సొమ్ముతో మరో అద్దె ఆస్తి కొంటే అప్పటికి పన్ను కట్టనక్కరలేదు. ఈ వెసులుబాటు మూలం 1921 నాటి ఆదాయపు పన్ను చట్టంలోనే ఉంది. మొదట్లో మార్పిడి అంటే ఒకరి భూమి మరొకరికి, అక్కడికక్కడే. దాన్ని ఇవాళ్టి రూపానికి తెచ్చింది ఆరెగాన్‌కి చెందిన టీ.జే. స్టార్కర్ అనే పెద్దాయన. 1967లో ఆయన, ఆయన కుటుంబం 1,843 ఎకరాల అడవి భూమిని క్రౌన్ జెల్లర్‌బాక్ అనే కాగితపు కంపెనీకి ఇచ్చారు. బదులుగా ఐదేళ్ళలోపు తాము చూపించిన ఆస్తులు కంపెనీ కొనివ్వాలన్నది ఒప్పందం. ఇది మార్పిడి ఎలా అవుతుందని పన్నుల శాఖ అడ్డుపడింది. వ్యవహారం కోర్టుకెక్కి, చివరికి 1979లో అప్పీలు కోర్టు చాలామటుకు స్టార్కర్ పక్షానే తీర్పు చెప్పింది. ఐదేళ్ళ గడువు మరీ ఎక్కువని తోచిన అమెరికా కాంగ్రెస్ 1984లో గట్టి గడువులు పెట్టింది. అమ్మిన ఇంటి క్లోజింగ్ జరిగిన రోజు, అంటే అమ్మకం పూర్తయిన రోజు నుంచి 45 రోజుల్లో ఏ ఆస్తులు కొనదలచారో రాసి ఇవ్వాలి, 180 రోజుల్లో కొనడం పూర్తి కావాలి. 2018 నుంచి ఈ సదుపాయం స్థిరాస్తికి మాత్రమే మిగిలింది. యంత్రాలకి, వాహనాలకి తీసేశారు.

ఆ 45 రోజుల్లో శనాదివారాలున్నాయి, పండగలున్నాయి. అడిగితే పొడిగించేవాళ్ళు లేరు. 180 రోజుల్లో ఇంకో మెలిక ఉంది. అసలు గడువు 180 రోజులు, లేదా ఆ ఏడాది పన్ను రిటర్ను దాఖలు చేయాల్సిన తేదీ, ఏది ముందైతే అది. నవంబరులోనో డిసెంబరులోనో ఇల్లు అమ్మినవాళ్ళకి ఏప్రిల్ 15 ముందే వచ్చిపడుతుంది. రిటర్నుకి వాయిదా కోరే ఫారం పంపకపోతే మిగిలిన రోజులు చేజారిపోతాయి. అమ్మిన డబ్బు అమ్మినవాళ్ళ చేతికి రాకూడదు, ఖాతాలో ఒక్క రోజు పడినా మార్పిడి చెల్లదు. మధ్యవర్తి సంస్థ దగ్గరే ఉండాలి. ఆ సంస్థతో ఒప్పందం క్లోజింగ్‌కి ముందే రాసుకోవాలి. ఇంట్లో పన్నుల లెక్కలు చూసే ఆడిటరుని మధ్యవర్తిగా పెట్టుకోవడానికి వీల్లేదు.

ఈ మధ్యవర్తుల గురించి ఒక మాట. వీళ్ళకి కేంద్ర స్థాయిలో లైసెన్సు లేదు. లక్షల డాలర్లు నెలల తరబడి తమ దగ్గర పెట్టుకునే సంస్థల మీద కొన్ని రాష్ట్రాల చట్టాలు తప్ప వేరే కాపలా లేదు. ఎడ్వర్డ్ ఓకన్ అనే వ్యక్తి అలాంటి సంస్థలు వరసగా కొని, జనం సొమ్ము 12 కోట్ల డాలర్లకు పైగా సొంతానికి వాడుకున్నాడు. 2007లో సంస్థ దివాలా తీసింది, 2009లో అతనికి 100 ఏళ్ళ జైలుశిక్ష పడింది. 2008 నవంబరులో లాండ్‌అమెరికా అనే పేరున్న కంపెనీ మార్పిడి విభాగం కూడా దివాలాకి వెళ్ళింది. అక్కడ దొంగతనమేమీ జరగలేదు. ఖాతాదారుల సొమ్ము పెట్టిన పత్రాలు ఆ ఏడాది సంక్షోభంలో అమ్ముడుపోక ఇరుక్కుపోయాయి, అంతే. ఇల్లు అమ్మి, కొత్త ఇంటికి బయానా ఇచ్చి, మధ్యలో డబ్బు రాక వందల కుటుంబాలు నానా అవస్థా పడ్డాయి. అందుకే తమ డబ్బు విడి ఖాతాలో, తమ సంతకం లేనిదే కదలని విధంగా ఉంటుందా అని మధ్యవర్తిని మొదటి రోజే అడిగి, కాగితం మీద రాయించుకోవాలి. ఆ ప్రశ్నకి నీళ్ళు నమిలే సంస్థ జోలికి వెళ్ళకపోవడమే క్షేమం.

గడువుల గొడవ ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. ఇంట్లో ఉన్న డబ్బుతో ఇల్లు కొనేవాడు నచ్చకపోతే ఆగుతాడు. 45 రోజుల లెక్క తల మీద ఉన్నవాడు ఆగలేడు. మొదటి నెల తీరిగ్గా ఇళ్ళు చూస్తాడు, ఆరో వారం వచ్చేసరికి కనపడిందల్లా బాగానే ఉన్నట్టు తోస్తుంది. కొనకపోతే 2 లక్షలు పన్ను కట్టాలన్న భయం, ఇంటికి 50 వేలు ఎక్కువిచ్చినా ఫరవాలేదనిపిస్తుంది. పన్ను తప్పించుకోవడానికి పెట్టిన ఆ అదనం ఇంటి ధరలో కలిసిపోయి ఎవరికీ కనపడదు.

2004, 2005 సంవత్సరాల్లో కాలిఫోర్నియా ఇళ్ళ బజారు బాగా వేడెక్కి ఉంది. లాభాలు చేతిలో పెట్టుకుని చాలామంది పక్క రాష్ట్రాలకి బయల్దేరారు. లాస్ వేగస్‌కి కారులో నాలుగైదు గంటలు. ఫీనిక్స్‌కి ఆరేడు. లాస్ ఏంజిలస్‌లో ఇల్లు అమ్మినవాళ్ళకి ఆ ఎడారి ఊళ్ళలో ఇళ్ళు కారుచవకగా కనపడ్డాయి. 2004లో లాస్ వేగస్ ధరలు ఏడాది తిరక్కుండా మూడోవంతుకి పైగా పెరిగాయంటే అందులో ఈ బయటి సొమ్ముకి పెద్ద పాత్రే ఉంది. అక్కడి హోటళ్ళలో, కాసినోల్లో పనిచేసేవాళ్ళ జీతాలు ఆ వేగంతో పెరగలేదు. అద్దెలూ పెరగలేదు. అయినా కొనేవాళ్ళు అద్దె లెక్క చూడలేదు, వచ్చే ఏడు ఇంకెవరో ఇంకా ఎక్కువకి కొంటారన్న ధీమాతో కొన్నారు. 2006లో శిఖరానికి చేరిన లాస్ వేగస్ ధరలు 2012 నాటికి 60 శాతానికి పైగా పడిపోయాయి. ఫీనిక్స్‌లో సగానికి పైగా పోయింది. ఒక వేడి బజారులోంచి బయటపడ్డామనుకున్నవాళ్ళు అంతకంటే వేడిగా ఉన్నచోట దిగారు.

అదే రోజుల్లో డాలస్ వైపు వెళ్ళినవాళ్ళ సంగతి వేరు. అక్కడ ఇంటి ధరలు పెద్దగా పెరగలేదని అప్పట్లో చిన్నచూపు ఉండేది. 2007 తర్వాత అమెరికా అంతా కూలుతుంటే డాలస్ ధరలు పదోవంతుకి కాస్త అటూ ఇటూగా తగ్గి ఆగాయి. కారణాలు వెతికితే ఆ రాష్ట్రం నేల, చట్టం, పాత గాయం మూడూ కనపడతాయి. చదునైన భూమి ఎంతైనా ఉంది. ఇళ్ళు కట్టడానికి అనుమతులు తేలిగ్గా దొరుకుతాయి. గిరాకీ పెరిగితే ధర కంటే ముందు ఇళ్ళ సంఖ్య పెరుగుతుంది. సొంతింటిని తాకట్టు పెట్టి నగదు తీసుకుంటే, ఇంటి మీద అప్పులన్నీ కలిపి దాని విలువలో 80 శాతం దాటకూడదని 1997లో టెక్సస్ రాజ్యాంగంలోనే రాసుకున్నారు. కాలిఫోర్నియా, నెవాడాల్లో జనం ఇంటినే ఏటీఎంలా వాడుకుంటుంటే, ఇక్కడ ఆ వీలు లేకపోయింది. పాత గాయమంటే 1980ల నాటిది. చమురు ధరలతోపాటు అప్పట్లో టెక్సస్ స్థిరాస్తి కూడా విపరీతంగా వేడెక్కింది. 1986లో చమురు కూలాక రాష్ట్రంలోని పది పెద్ద బ్యాంకుల్లో తొమ్మిది నిలవలేకపోయాయి. ఆ తరం అనుభవం తర్వాతి తరం అప్పుల మీద చాలాకాలం పనిచేసింది.

అలాగని టెక్సస్ ఎప్పటికీ చల్లగా ఉంటుందనుకోవడం పొరపాటు. ఆస్టిన్ సంగతి చూడండి. 2020లో కోవిడ్ వచ్చి ఇంటి నుంచి పని మొదలయ్యాక, కాలిఫోర్నియా ఉద్యోగులూ, వాళ్ళ వెనకే మదుపుదారులూ అక్కడికి వెల్లువెత్తారు. ఆ ఏడాది డిసెంబరులో ఒరాకిల్, మరుసటి ఏడు టెస్లా తమ ప్రధాన కార్యాలయాలు అక్కడికి మారుస్తున్నట్టు ప్రకటించాయి. 2021 జనవరిలో 30 ఏళ్ళ గృహరుణం మీద వడ్డీ 2.65 శాతానికి దిగింది. అంత తక్కువ అంతకు ముందెన్నడూ లేదు. చూసిన రోజే, అడిగినదాని మీద లక్ష ఎక్కువిచ్చి ఇళ్ళు కొన్నవాళ్ళున్నారు. 2022 వసంతంలో ధరలు శిఖరానికి చేరాయి. ఆ తర్వాత వడ్డీలు పెరిగి 2023 అక్టోబరు నాటికి 8 శాతం అంచుల దాకా వెళ్ళాయి. రెండేళ్ళలో ఆస్టిన్ ధరలు దాదాపు ఐదోవంతు దిగాయి. ఆ గిరాకీ చూసి మొదలుపెట్టిన అపార్ట్‌మెంట్లన్నీ ఒక్కసారే పూర్తై మీదపడటంతో అద్దెలు కూడా తగ్గాయి. అద్దెకుండేవాళ్ళకి అది మేలే. ఒక నర్సు, ఒక బడి పంతులు ఊళ్ళోనే ఉండగలుగుతున్నారంటే ఆ కొత్త ఇళ్ళ పుణ్యమే. కానీ 2022లో అక్కడ దిగిన మదుపుదారుడికి ధర, అద్దె రెండూ ఒకేసారి జారాయి.

ఇప్పుడు ఇందాకటి పెద్దమనిషి టౌన్‌హౌస్ దగ్గరికి వద్దాం. ఇవి లెక్క తెలియడానికి వేసుకున్న అంకెలే, ఎవరి అంకెలు వాళ్ళు వేసుకోవాలి. నెలకి 3,800 చొప్పున ఏడాదికి 45,600 అద్దె. ఇంటి పన్ను 7,000 చిల్లర. ఇది ఇంత తక్కువగా ఉండటానికి కారణం 1978లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన 13. దాని ప్రకారం పన్ను కొన్న ధర మీదే మొదలవుతుంది, లెక్కగట్టే విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. ఇల్లు 11 లక్షలైనా పన్ను 6 లక్షల లోపు విలువ మీదే పడుతోంది. హెచ్‌ఓఏ, అంటే కాలనీ సంఘానికి కట్టే రుసుము, నెలకి 400. బీమా, మరమ్మతులు, ఇల్లు ఖాళీగా ఉండే రోజులు, చూసుకునే మనిషికిచ్చేది అన్నీ పోగా చేతికి 25,000 మిగులుతుంది. 11 లక్షల మీద ఇది రెండుంపావు శాతం.

ఇల్లు అమ్మితే కమీషన్లూ ఖర్చులూ పోను 10 లక్షల పైచిలుకు మిగులుతుంది. పన్ను వాయిదా పడింది కాబట్టి దానితో డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో 5 లక్షల చొప్పున రెండిళ్ళు. ఒక్కోదానికి నెలకి 2,800 అద్దె, అంటే ఏడాదికి 33,600. వినగానే లాభం కనపడుతుంది. టెక్సస్‌లో జీతం మీద రాష్ట్రం పన్ను లేదు, నిజమే. ఆ లోటంతా ఇంటి పన్నులో రాబట్టుకుంటారు. సొంతంగా ఉండేవాళ్ళకిచ్చే మినహాయింపులు అద్దె ఇంటికి వర్తించవు. 5 లక్షల ఇంటికి పన్ను 10,000 చుట్టుపక్కల ఉంటుంది. బీమా 3,500. హెచ్‌ఓఏ 700. మేనేజిమెంటు కంపెనీకి 2,700. ఖాళీ రోజులకి 1,400, మరమ్మతులకి 3,000. ఇవన్నీ పోతే ఇంటికి 12,300 మిగులుతుంది. రెండిళ్ళకి కలిపి 24,600. అక్కడ 25,000, ఇక్కడ 24,600! రెండు కప్పులు, రెండు కుటుంబాల ఫిర్యాదులు, పదిహేను వందల మైళ్ళ దూరం అదనంగా వచ్చాయి. ఫ్రీమాంట్‌లో ఇన్నేళ్ళుగా దక్కిన ఇంటి పన్ను రక్షణ పోయింది.

అదే డబ్బుని ఇండియానాపోలిస్ లాంటి ఊరికి తీసుకెళ్ళి చూద్దాం. అక్కడ అద్దె ఇంటి మీద ఆస్తి పన్ను విలువలో 2 శాతం దాటకూడదని ఇండియానా రాజ్యాంగంలో ఉంది. ఓటర్లు విడిగా ఆమోదించిన పన్నులు మాత్రం దానికి అదనం. 2.5 లక్షల ఇంటికి 1,800 అద్దె అనుకుంటే, ఇవే ఖర్చులన్నీ పోను ఇంటికి 9,000 మిగులుతుంది. నాలుగిళ్ళకి 36,000. చేతికొచ్చేది బాగా పెరిగింది. కానీ ఇవి నాలుగు ఫర్నేసులు, నాలుగు వాటర్ హీటర్లు, నాలుగు ముసలి ఇళ్ళు. ఊళ్ళో ఒక వీధికీ పక్క వీధికీ మధ్య అద్దెదారుల తీరులో ఎంతో తేడా ఉంటుంది. ఆ వీధుల్లో తిరగకుండా కొనేవాళ్ళకి అది తెలిసే మార్గం లేదు. ధర కూడా ఫ్రీమాంట్‌లోలా ఎగబాకుతుందని ఆశపడకూడదు. అద్దె కోసం వెళ్ళేవాళ్ళు అద్దెతో తృప్తిపడగలిగితేనే అటు వెళ్ళాలి.

ఇక దూరాన ఉన్న యజమానికి కనపడని నేల, వాతావరణం సంగతి. డాలస్ చుట్టూ ఉన్న నేల బంకమన్ను కలిసిన నల్లనేల. మన నల్లరేగడిదీ దానిదీ ఒకే జాతి. వానలకి ఉబ్బుతుంది, ఎండలకి కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఇల్లు ఆ నేల మీద పరిచిన కాంక్రీటు పలక మీద కూర్చుంటుంది. నేల ఒకవైపు కుంగితే పలక వంగుతుంది. ముందు పడగ్గది తలుపు బిగుసుకుంటుంది, తర్వాత కిటికీ మూల నుంచి గోడ మీద ఏటవాలు బీట కనపడుతుంది. అక్కడ సొంతింట్లో ఉన్నవాళ్ళు వేసవిలో పునాది చుట్టూ చిల్లుల గొట్టం పరిచి నేలకి నీళ్ళు పెడతారు. అద్దెకున్నాయన ఆ పని ఎందుకు చేస్తాడు? నీళ్ళ బిల్లు ఆయనది, పునాది ఇంకొకరిది. ఆ గొట్టం ఖర్చు తామే భరిస్తామని అద్దె ఒప్పందంలో రాసిచ్చే యజమానులు తెలివైనవాళ్ళు. పునాది సరిచేయించాలంటే వేల డాలర్లు అవుతుంది.

వసంతంలో వడగళ్ళు పడతాయి. కొన్ని గోల్ఫ్ బంతులంత ఉంటాయి. పైకప్పు మార్చాల్సి వస్తే బీమా ఉంది కదా అనుకుంటారు. వడగళ్ళకి, గాలివానకి ఆ పాలసీల్లో యజమాని ముందుగా భరించాల్సిన భాగం చాలాసార్లు బీమా విలువలో 1 లేదా 2 శాతంగా రాసి ఉంటుంది. 4 లక్షలకి బీమా చేసిన ఇంటికి 2 శాతమంటే 8,000. ఇందాకటి లెక్కలో ఆ ఇంటి మీద ఏడాదంతా మిగిలిన సొమ్ములో మూడింట రెండు వంతులు ఒక్క మధ్యాహ్నం వానలో పోతాయి. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో రోజుల తరబడి కరెంటు లేక, అటకల్లోంచి పోయే నీళ్ళ గొట్టాలు గడ్డకట్టి పగిలాయి. రాష్ట్రమంతా ప్లంబర్లు దొరకని వారం అది. వేరే రాష్ట్రాల్లో ఉన్న యజమానులు ఫోన్లు పట్టుకుని, కింద నీళ్ళు కారుతున్న వీడియోలు చూస్తూ ఉండిపోయారు.

ఖరీదైన చోట అమ్మి చవకైన చోట కొనడం తెలుగువాళ్ళకి కొత్త విద్యేమీ కాదు. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు డెల్టాలో ఉన్న కాస్త భూమి అమ్ముకుని బోధన్, వర్ని వైపు దానికి ఎన్నో రెట్లు కొన్నారు. 1953లో తుంగభద్ర నీళ్ళు వచ్చాక సింధనూరు, గంగావతి ప్రాంతాల్లోనూ అదే జరిగింది. ఆ పల్లెల్ని ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. వాళ్ళు కుటుంబాలతో వెళ్ళారు. నేల తవ్వి చూశారు, కాలువ చివరికి నీళ్ళు వస్తాయో లేదో ఆరా తీశారు, ఆ పొలం గట్టునే ఇల్లు కట్టుకున్నారు. కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తూ డాలస్‌లో ఇల్లు కొనేవాళ్ళు అలా వెళ్ళి ఉండలేరు. కనీసం ఆ నేల చూసే పనైనా సొంతంగా చేయాలి. ఏజెంటు పంపిన వీడియోలో పునాది బీట కనపడదు. అదే వీధిలో ఇంకెన్ని ఇళ్ళ ముందు 'అద్దెకివ్వబడును' బోర్డులున్నాయో అసలే కనపడదు. కొత్త కాలనీల్లో ఒకే నెలలో యాభై ఇళ్ళు మదుపుదారుల చేతికి వస్తే, ఆ యాభై ఇళ్ళూ ఒకే అద్దెదారుడి కోసం పోటీపడి అద్దె తగ్గించుకుంటాయి. ఈ విషయం కాలనీ ఆఫీసులో ఎవరూ చెప్పరు.

తరలించకుండా ఉండటమే మేలైనవాళ్ళూ ఉన్నారు. ఇంటి యజమాని చనిపోతే వారసులకి ఆ ఇల్లు ఆనాటి బజారు ధరకి కొన్నట్టుగా లెక్క. అంతకు ముందు పెరిగిన లాభం మీద ఆదాయపు పన్ను ఉండదు. కాలిఫోర్నియాలో దంపతుల ఉమ్మడి ఆస్తిగా ఉన్న ఇల్లైతే ఒకరు పోయినప్పుడే ఇంటి మొత్తానికీ ఇది వర్తిస్తుంది. డెబ్బై దాటి, అద్దెతో గడిచిపోతున్న దంపతులు ఈ వయసులో టెక్సస్ పైకప్పుల బెంగ నెత్తికెత్తుకోనక్కరలేదు. ఇంకో సంగతి, మార్పిడి చేసినా పన్ను చెరిగిపోదు, కొత్త ఇంటి వెనకే వస్తుంది. తరుగుదల లెక్క కూడా చాలామటుకు పాత ఇంటిదే కొనసాగుతుంది. కాలిఫోర్నియా అయితే 2014 నుంచి ప్రత్యేకంగా 3840 అనే ఫారం పెట్టింది. ఆ రాష్ట్రంలో ఆస్తి అమ్మి బయట కొన్నవాళ్ళు, ఆ లాభం మీద పన్ను కట్టేదాకా ఏటా అది పంపుతూ ఉండాలి. టెక్సస్‌కి కాపురం మార్చినా కాలిఫోర్నియా తన బాకీ మర్చిపోదు.

అందరికంటే ఎక్కువగా నష్టపోతున్నది మాత్రం మొదటి ఇంటిని అద్దెకిచ్చుకున్న కుటుంబాలు. పిల్లలు పెద్దయ్యాక పెద్ద ఇంటికి మారతారు, పాతది అమ్మకుండా అద్దెకిస్తారు. గత ఐదేళ్ళలో కనీసం రెండేళ్ళు తాము కాపురమున్న ఇల్లు అమ్మితే దంపతులకి 5 లక్షల డాలర్ల దాకా, ఒంటరివాళ్ళకి 2.5 లక్షల దాకా లాభం మీద పన్ను లేదు. అద్దెకిచ్చిన రోజుల తరుగుదల ఒక్కటి దీనికి మినహాయింపు. 1997 నుంచి ఉన్న నియమమిది. ఇల్లు మారిన రోజు నుంచి మూడేళ్ళ వ్యవధి ఉంటుంది. ధర ఇంకా పెరుగుతుందని చూస్తూ చూస్తూ మూడేళ్ళు దాటిపోనిస్తారు. నాలుగో ఏట 1031 గురించి, డాలస్ గురించి అడగడం మొదలుపెడతారు. ఏడాది ముందు అమ్మి ఉంటే లాభంలో చాలా భాగం పన్ను లేకుండా చేతికొచ్చేది. ఆ డబ్బు 45 రోజుల తొందర లేకుండా నచ్చిన ఊళ్ళో నచ్చినప్పుడు పెట్టుకునే వీలుండేది. ఇంటి నుంచి మారిన తేదీ కాగితం మీద రాసి కళ్ళెదుట పెట్టుకోవాల్సిన సంగతి ఇది.

ఫ్రిస్కో వద్దు, ఆ డబ్బు హైదరాబాదులోనే పెడదామనేవాళ్ళూ చాలామంది. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటాక ఆ ఉత్సాహం మరీ పెరిగింది. అమెరికా ఇల్లు అమ్మి ఇండియాలో కొంటే 1031 వర్తించదు. అమెరికా ఆస్తి, బయటి దేశపు ఆస్తి ఒకే జాతివి కావని చట్టంలోనే ఉంది. ముందు 2 లక్షల పైచిలుకు పన్ను కట్టి, మిగిలినదాన్నే కోకాపేటకి తీసుకెళ్ళాలి. అటు నుంచి ఇటు వచ్చినా అంతే. హైదరాబాదులో ఇల్లు అమ్మి, ఆ లాభంతో ఇల్లు కొని పన్ను మినహాయింపు పొందాలంటే 2014 సవరణ తర్వాత ఆ ఇల్లు ఇండియాలోనే ఉండాలి. అమెరికాలో పన్ను కట్టేవాళ్ళు అక్కడి లాభాన్ని అమెరికా రిటర్నులోనూ చూపాలి. ఇక అద్దె లెక్క వేస్తే, కోటిన్నర ఫ్లాటుకి నెలకి 40 వేలు వచ్చిందనుకున్నా ఏడాదికి 4.8 లక్షలు. అంటే ఖర్చులేవీ తీయకముందే 3.2 శాతం. మెయింటెనెన్సు, ఇంటి పన్ను, ఖాళీ నెలలు తీసేస్తే ఫ్రీమాంట్ టౌన్‌హౌస్ దగ్గర తేలిన రెండుంపావు శాతానికి అది ఎంత దూరంలో ఉంటుందో చూసుకోవాలి. ఆ లెక్క వేయాల్సింది అమ్మకం ఒప్పందం మీద సంతకం పెట్టకముందు. పక్కన కూర్చోబెట్టుకోవాల్సింది రెండు దేశాల పన్నులూ తెలిసిన ఆడిటరుని.